గీటా? గాటా?

బి.ఏ.లో తెలుగు చదివితే వంటింట్లో ఏం పనికొస్తుందని పెళ్ళైన కొత్తలో చాలామంది అడిగారు. వంటింటి సంగతి ఏమోగానీ, మొన్న మా కారు పార్కింగులో మాత్రం బాగా పనికొచ్చిందండీ.

గీటు వేరు, గాటు వేరు. గీటు పైపైన పడేది, గాటు లోపలికి దిగేది. బంగారాన్ని గీటురాయి మీద గీటు పెట్టి చూస్తారు. గుత్తివంకాయకి గాట్లు పెడతాం. ఈ తేడా తేలకపోతే మా అపార్ట్‌మెంట్‌లో ఒక పిల్లాడి నెల సంపాదన పోయేది.

మేముండేది కొత్తపేటలో, దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీ నగర్‌కీ మధ్య. మా వాచ్‌మన్ కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. పొద్దున్నే ఆరు కార్లు తుడిచి కాలేజీకి పోతాడు. కారుకి నెలకి 400 రూపాయలు. ఆ డబ్బుల్లోనే వాడి బస్ పాసూ, పుస్తకాలూ.

ఒక ఆదివారం మావారికి కారు రెండు తలుపుల మధ్య ఉండే నల్లటి, నున్నటి ప్లాస్టిక్ పట్టీ మీద గీతలు కనబడ్డాయి. ఎండ ఏటవాలుగా పడితే సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు, వాటి మధ్య పొడుగ్గా ఒకటి. "వీడు ఇసుకతో తోముతున్నాడా ఏంటి?" అన్నారు. రెండో అంతస్తు ఆయన కూడా వచ్చి, "నా బండికీ ఉన్నాయండీ, ఈ నెల డబ్బులు ఆపేద్దాం" అన్నారు. పిల్లాడు తల దించుకుని, "నేను గీకలే సార్, రోజు తుడిచినట్టే తుడుస్తున్న" అన్నాడు. కాసేపటికి వాళ్ళమ్మ మా గుమ్మం దగ్గర నిలబడింది. "పైసలు ఆపొద్దని సార్‌కి చెప్పమ్మా, వాని ఫీజు కట్టాలె."

సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని కిందికి వెళ్ళాను. ఆరు కార్లూ చూశాను. అన్నింటికీ అవే గీతలు, చెయ్యి తిరిగినట్టే వంపులుగా. మూడో అంతస్తులో రిటైర్డ్ మాస్టారు ఉంటారు. ఆయన తన కారు ఎవరినీ ముట్టనివ్వరు, పాత పంచె ముక్కతో స్వయంగా తుడుచుకుంటారు. ఆ ఏడో కారుకీ అవే గీతలు!

దోషం చేతిది కాదు, దుమ్ముది. మన హైదరాబాదు గ్రానైటు రాళ్ళ మీద ఉన్న ఊరు. గ్రానైటులో పలుగురాయి ఉంటుంది. రాళ్ళ గట్టిదనాన్ని ఒకటి నుంచి పది వరకు లెక్కవేసే మోస్ కొలతలో దానిది 7, అంటే మామూలు చాకు కన్నా గట్టిది. ఇక ప్లాస్టిక్ ఎంత? 2018 సెప్టెంబరులో ఎల్బీ నగర్ దాకా మెట్రో వచ్చింది, ఆ పనులు అయిపోయాయి. కానీ పాత ఇళ్ళు కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టడం మా వీధుల్లో ఎప్పుడాగింది? ఆ పొడి కారు మీద పడ్డాక పొడిగుడ్డతో తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. పైగా ఎండాకాలం ట్యాంకర్ నీళ్ళని చెప్పి, ఆరు కార్లకీ కలిపి ఒక్క బకెట్టే వాడాలని అసోసియేషన్ రూలు. మూడో కారుకి వచ్చేసరికి ఆ నీళ్ళే ఇసుక.

ఇదంతా చెబితే మావారు, "సరేనోయ్, నీ తెలుగు పాఠంతో గీతలు పోతాయా?" అన్నారు. గోటితో గీతకి అడ్డంగా మెల్లిగా లాగి చూడమన్నాను. గోరు ఆగకుండా జారిపోతే గీటు, పాలిష్‌కి పోతుంది. గోరు తట్టుకుంటే గాటు, అది పోదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కారు సామాన్ల షాపు నుంచి సన్నరకం ప్లాస్టిక్ పాలిష్, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు తెచ్చాం. నీడలో, పట్టీ చల్లగా ఉన్నప్పుడు, ముందు నీళ్ళు పోసి దుమ్మంతా కడిగి ఆరనిచ్చాం. చుట్టూ రంగుకి అంటకుండా టేపు వేశాం. ఒక మూల బఠాణీ గింజంత పాలిష్‌తో చేసి చూసి, బాగుందనుకున్నాకే మిగతాది. గట్టిగా అదమకూడదు. మెషిన్ పెడితే వేడికి ప్లాస్టిక్ పాడవుతుంది, చేత్తోనే మేలు. మా అమ్మమ్మ ఇటికపొడితో ఇత్తడి బిందె తోమేది చూడండి, ఇదీ అంతే. పెద్ద గీతల్ని అరగదీసి, కంటికి కనబడనంత సన్నటి గీతలు మిగల్చడమే పాలిష్ అంటే.

రెండు జాగ్రత్తలు చెబుతాను. చక్రాల చుట్టూ, బంపరు కింద ఉండే గరుకు నల్ల ప్లాస్టిక్‌ని ఇలా రుద్దకండి. ఆ గరుకు అరిగి, అక్కడ మాత్రం మచ్చలా మెరుస్తుంది. సందుల్లో పాలిష్ ఇరుక్కుని తెల్లగా ఎండిపోతుంది కూడా. ఇంకోటి, కొన్ని బళ్ళకి తలుపుల మధ్య ఉండేది ప్లాస్టిక్ కాదు, నల్ల స్టిక్కరు. అంచు లేస్తుందేమో ముందే చూసుకోండి. కొబ్బరినూనె రాస్తే గీతలు రెండు రోజులు దాక్కుంటాయి, తర్వాత ఆ జిడ్డుకి దుమ్ము ఇంకా పడుతుంది.

అరగంటలో సాలెగూడు మాయమైంది. పొడుగు గీత మాత్రం అలాగే ఉంది. గోరు పెడితే టక్కున ఆగింది. గాటే! తలుపు తీసి, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగుతో మావారిని ఎక్కమన్నాను. బ్యాగు ఇనప కొక్కెం సరిగ్గా అక్కడే తగిలింది. ముగ్గురం చూశాం. ఎవరం ఏమీ అనలేదు. సాయంత్రం ఆయనే కిందికి వెళ్ళి ఆ పిల్లాడి చేతిలో నెల డబ్బులు పెట్టి, "నిన్ను ఊరికే అన్నాన్రా" అని వచ్చారు.

అసోసియేషన్‌లో మాట్లాడి కార్లకి మూడు బకెట్ల నీళ్ళు ఇప్పించాం. గుడ్డలు ఎవరివి వాళ్ళే ఇస్తున్నారు. మాస్టారు కూడా పంచె ముక్క మానేశారు. ఇప్పుడు మావారు ఆఫీసుకి బయల్దేరితే పిల్లాడు ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి తలుపు పట్టుకుంటాడు.

"పైలం సార్, బ్యాగు."