ప్రెసిడెంటు మాట, పక్కింటాయన సందేహం

2011 సెప్టెంబర్ 2, శుక్రవారం. అమెరికా కార్మిక శాఖ ప్రతి నెలా ఇచ్చే ఉద్యోగాల లెక్క బయటికొచ్చింది. ఆగస్టు నెలలో అంత పెద్ద దేశంలో నికరంగా పెరిగిన ఉద్యోగాలెన్నో తెలుసా? సున్నా. నిరుద్యోగం 9.1 శాతం. పని కోసం వెతుక్కుంటున్నవాళ్లు దాదాపు 1.4 కోట్ల మంది. వాళ్లలో 60 లక్షల మంది ఆరు నెలలకు పైగా ఖాళీగా ఉన్నవాళ్లే.

ఆరు రోజుల తర్వాత ప్రెసిడెంట్ ఒబామా కాంగ్రెస్ ఉభయసభల ముందు నిలబడి 'అమెరికన్ జాబ్స్ యాక్ట్' ప్రకటించారు. ఖర్చు 447 బిలియన్ డాలర్లు, మన లెక్కలో 44,700 కోట్ల డాలర్లు. ఆ రాత్రే ఫుట్‌బాల్ సీజన్ మొదటి మ్యాచ్ ఉంది. అది మొదలయ్యేలోపు ప్రసంగం అయిపోయేలా టైమ్ పెట్టుకున్నారు. "ఈ బిల్లు వెంటనే పాస్ చెయ్యండి" అని ఆయన ఒకటికి పదిసార్లు అడిగారు.

వారం తిరక్కుండానే బ్లూమ్‌బర్గ్ సర్వే వచ్చింది. ఈ ప్లాన్‌తో నిరుద్యోగం తగ్గుతుందా అంటే 51 శాతం మంది తగ్గదన్నారు. తగ్గుతుందన్నవాళ్లు 40 శాతమే.

ప్రెసిడెంటు డబ్బు పెడతానంటుంటే, ఉద్యోగాల్లేక అల్లాడుతున్న జనమే నమ్మకపోవడం ఏంటి? అప్పట్లో నాకు అస్సలు అర్థం కాలేదు. అప్పుడు నేను ఒహాయోలో ఉన్నాను. ఎమ్మెస్ పూర్తయి, ఓపీటీ మీద ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఆ రూల్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఓపీటీ మొదలయ్యాక మొత్తం మీద 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఉంటే స్టేటస్ పోతుంది, సూట్‌కేస్ సర్దుకోవాలి. ఒబామా ప్రసంగించిన రోజు నాకు 70వ రోజు.

అపార్ట్‌మెంట్‌లో మేం నలుగురం తెలుగువాళ్లం. ప్లాన్‌లో ఏముందో నెట్‌లో చదివి మావాడొకడు తేల్చేశాడు. "రేయ్, ఇందులో మనకు ఒక్క పైసా లేదు మామా!" వాడన్నది నిజమే. ప్లాన్‌లో అన్నిటికన్నా పెద్ద భాగం పేరోల్ ట్యాక్స్ తగ్గింపు. మా లాంటి స్టూడెంట్ వీసావాళ్లు అసలా ట్యాక్సే కట్టరు. ఆరు నెలలకు పైగా ఖాళీగా ఉన్నవాళ్లను తీసుకుంటే కంపెనీకి 4,000 డాలర్ల దాకా పన్ను రాయితీ అన్నారు. మేం ఆరు నెలలు ఖాళీగా ఉంటే హైదరాబాద్‌లో తేలతాం కదా! అంచేత మేం నమ్మకపోవడం పెద్ద విషయం కాదు. మరి ప్లాన్ ఎవరి కోసమో వాళ్లు ఎందుకు నమ్మలేదు?

జవాబు పక్కింటాయన దగ్గర దొరికింది.

యాభై దాటిన మనిషి. కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు. 2009లో అది మూతపడింది. నిరుద్యోగ భృతి గరిష్ఠంగా 99 వారాలు ఇచ్చేవారు. అది కూడా అయిపోయినవాళ్లకు అమెరికాలో ఒక పేరే పుట్టింది, 'నైంటీ నైనర్స్' అని. ఈయన వాళ్లలో ఒకరు. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని సిగరెట్ కాల్చేవారు. నాకూ పనిలేదు, ఆయనకూ లేదు. మాటలు అలా కలిశాయి.

ప్లాన్ గురించి అడిగితే నవ్వారు. "హైవే మీద ఆ బోర్డు చూశావా?" అన్నారు. చూశాను. 2009లో ఒబామా తెచ్చిన మొదటి స్టిమ్యులస్ డబ్బుతో రోడ్డు వేస్తుంటే, ఇది ఫలానా చట్టం కింద జరుగుతున్న పని అని చెప్పే బోర్డులు దేశమంతా పెట్టారు. "ఆ బోర్డులు చేసినవాడికి మాత్రం పని దొరికింది. నాకు దొరకలేదు" అన్నారాయన.

అది వట్టి వెటకారం కాదు. దాని వెనక రెండున్నరేళ్ల అనుభవం ఉంది. 2009 జనవరిలో, ఒబామా పదవిలోకి రాకముందే ఆయన ఆర్థిక సలహాదారులు ఒక నివేదిక ఇచ్చారు. స్టిమ్యులస్ పెడితే నిరుద్యోగం 8 శాతం దగ్గర ఆగుతుందని అందులో ఓ గ్రాఫ్ గీశారు. 787 బిలియన్ డాలర్ల చట్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌కల్లా నిరుద్యోగం 10 శాతానికి చేరింది. మాంద్యం ఎంత లోతుగా ఉందో ఆ గ్రాఫ్ గీసేనాటికి వాళ్లకు పూర్తిగా అందలేదు. కానీ జనానికి గుర్తున్నది 8 అనే అంకె ఒక్కటే. 2011 జూన్‌లో ఒబామాయే, వెంటనే మొదలుపెట్టొచ్చని తామనుకున్న పనులు అంత వెంటనే మొదలు కాలేదంటూ ఓ మీటింగ్‌లో జోకేశారు. పనున్నవాళ్లకు అది జోకు. సెప్టెంబర్ మొదట్లోనే, 535 మిలియన్ డాలర్ల రుణానికి ప్రభుత్వం హామీ ఇచ్చిన సోలిండ్రా అనే సోలార్ కంపెనీ దివాలా తీసింది. దాదాపు 1,100 మంది రోడ్డున పడ్డారు. సరిగ్గా అదే వారంలో ప్రెసిడెంటు కొత్త ప్లాన్‌తో వచ్చారు. ఇదంతా చూసినవాడు "ఇంకోసారి చూద్దాంలే" అనడా?

ఇంతవరకే తెలిస్తే నేనూ పక్కింటాయన వైపే ఉండేవాణ్ణి. కానీ ఆయనకో కూతురు ఉండేది. స్కూల్ టీచర్. ఆదివారాలు తండ్రిని చూడ్డానికి వచ్చేది. ఒకరోజు మాటల్లో చెప్పింది. ఫ్యాక్టరీ మూతపడిన ఏడాదే వాళ్ల స్కూల్లో తీసెయ్యాల్సిన టీచర్ల లిస్టులో తన పేరు వచ్చిందట. వేసవిలో ఆ నోటీసు వెనక్కి తీసుకున్నారట. ఎందుకంటే వాషింగ్టన్ నుంచి రాష్ట్రానికి డబ్బొచ్చింది. నిజంగానే ఆ స్టిమ్యులస్‌లో పెద్ద మొత్తం రాష్ట్రాల బడ్జెట్లు కూలిపోకుండా, ముఖ్యంగా స్కూళ్లు నడవడానికే పోయింది.

అంటే ఆయనింట్లోకి ప్లాన్ వచ్చింది. బోర్డు పెట్టుకుని రాలేదంతే.

తండ్రి మాత్రం ఒప్పుకోలేదు. "నా కూతురు మంచి టీచర్. అందుకే ఉంచారు" అన్నారు. ఏ తండ్రయినా అదే అంటాడు.

ఇక్కడే నాకు అసలు చిక్కు కనిపించింది. పోకుండా ఆగిన ఉద్యోగానికి ఫొటో ఉండదు. రిబ్బన్ కటింగ్ ఉండదు. పన్నుల సంగతీ అంతే. 2009లో ఒక్కో ఉద్యోగికి ఏడాదికి 400 డాలర్ల దాకా పన్ను తగ్గించారు. ఒకేసారి చెక్కు ఇస్తే జనం దాచుకుంటారని, ప్రతి జీతంలో కొన్ని డాలర్లు పెరిగేలా చేశారు. అలాగైతే తెలియకుండానే ఖర్చు పెడతారని లెక్క. ఏడాది తర్వాత న్యూయార్క్ టైమ్స్, సీబీఎస్ సర్వే చేస్తే, ఒబామా పన్ను తగ్గించారని తెలిసినవాళ్లు పదిమందిలో ఒక్కరు కూడా లేరు. ఎకనామిక్స్ ప్రకారం తెలివైన పని, రాజకీయంగా గాల్లో దీపం.

పైగా ఎంతమందికి మేలు జరిగిందో తేల్చడం నిపుణులకే కష్టం. ప్లాన్ లేకపోయి ఉంటే ఏమయ్యేదో చూపించే ఇంకో అమెరికా లేదు కదా! 2010 మూడో త్రైమాసికంలో ఆ స్టిమ్యులస్ వల్ల పనిలో ఉన్నవాళ్లు ఎంతమంది అంటే, కాంగ్రెస్‌కు లెక్కలు కట్టే బడ్జెట్ ఆఫీసు ఇచ్చిన అంచనా 14 లక్షల నుంచి 36 లక్షల మధ్య. అంత తేడా ఉన్న లెక్క చూస్తే నిజాయితీగా చెప్పారని నిపుణుడు మెచ్చుకుంటాడు. మామూలు మనిషి "వీళ్లకే తెలీదు" అనుకుంటాడు.

ఆ సున్నా కథ కూడా వినండి. ఆ ఆగస్టులో వెరిజాన్ ఉద్యోగులు 45,000 మంది సమ్మెలో ఉన్నారు. సమ్మెలో ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి రారు. తర్వాత మిగతా కంపెనీల వివరాలు అందేకొద్దీ ఆ సున్నా ఒక నెలకు 57,000 అయింది, ఇంకో నెలకు 1,04,000 అయింది. కానీ సున్నా హెడ్‌లైన్ అయినట్టు, సవరణ హెడ్‌లైన్ కాలేదు. ఇంకో సంగతి. ఆ రోజుల్లో అమెరికాలో ప్రతి నెలా దాదాపు 40 లక్షల మంది కొత్తగా ఉద్యోగాల్లో చేరేవారు. ఇంచుమించు అంతమందీ బయటికొచ్చేవారు. టీవీలో చెప్పే అంకె ఈ రెంటికీ తేడా మాత్రమే.

నా ఉద్యోగం అలాగే వచ్చింది. 83వ రోజున, ఓ చిన్న కంపెనీలో. అక్కడ పనిచేసే ఒకావిడ భర్తకు వేరే రాష్ట్రానికి బదిలీ అయి, ఆవిడ మానేశారు. ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. దేశం లెక్కలో ఒకటి పోయింది, ఒకటి వచ్చింది, మొత్తం సున్నా. మా అమ్మ మాత్రం గుళ్లో కొబ్బరికాయ కొట్టింది. ఇందులో ప్రెసిడెంటు ప్లాన్ చేసిందేమీ లేదు. అప్పటికది ఇంకా కాగితం మీదే ఉంది.

కాగితం మీదే ఉండిపోయింది కూడా. అక్టోబర్ 11న సెనేట్‌లో బిల్లు ముందుకు కదలాలంటే 60 ఓట్లు కావాలి. 50 పడ్డాయి. తర్వాత ముక్కలు చేసి తెచ్చారు. మాజీ సైనికులను ఉద్యోగంలోకి తీసుకుంటే పన్ను రాయితీ ఇచ్చే ముక్క పాసైంది. పేరోల్ ట్యాక్స్‌లో అప్పటికే ఉన్న తగ్గింపును 2012 చివరిదాకా పొడిగించారు. టీచర్లు, పోలీసులు, ఫైర్ సిబ్బంది ఉద్యోగాలు కాపాడే 35 బిలియన్ల ముక్క మాత్రం సెనేట్ దాటలేదు. అసలు ప్లాన్‌లో 2,80,000 మంది టీచర్ల దాకా ఉద్యోగాలు నిలబడతాయని వైట్‌హౌస్ చెప్పిన భాగం అదే.

మరుసటి వసంతంలో పక్కింటాయన కూతురి పేరు మళ్లీ లిస్టులోకి వచ్చింది. ఈసారి వేసవి వచ్చినా నోటీసు వెనక్కి తీసుకోలేదు. పెద్దాయన మెట్ల మీద కూర్చుని, "చెప్పానా, ఆ ప్లాన్ వల్ల ఒరిగిందేం లేదని" అన్నారు. అసలా ప్లాన్ పాస్ అవనేలేదని నేను చెప్పాను. ఆయన సిగరెట్ దులిపి, "రెండింటికీ తేడా నాకు కనపడదు బాబూ" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆ బిల్లును ఆపింది జనం అనుమానమే అని నేననను. దాన్ని ఆపింది పార్టీల లెక్కలు. కాకపోతే ఓటు వెయ్యని సెనేటర్‌కు ఆ అనుమానం మంచి గొడుగైంది. సగంమంది ఎలాగూ నమ్మనిదానికి అడ్డం పడితే అడిగేదెవరు? ఇక నమ్మకం ఒకసారి పోయాక మంచి వార్త కూడా అబద్ధంలాగే వినిపిస్తుంది. 2012 ఎన్నికలకు నెల ముందు నిరుద్యోగం 7.8 శాతానికి తగ్గిందని లెక్కొస్తే, జనరల్ ఎలక్ట్రిక్ మాజీ బాస్ జాక్ వెల్చ్ ఆ అంకెనే మార్చేశారన్నట్టు ట్వీట్ పెట్టారు. ప్లాన్ మీద మొదలైన అనుమానం థర్మామీటర్ దాకా వెళ్లింది.

మన దగ్గరా ఎన్నికలొస్తే లక్షల్లో ఉద్యోగాలు వినపడతాయి. మీమ్స్ వేసి నవ్వుకుంటాం. నవ్వుకోండి, తప్పులేదు. వాళ్లు చెప్పిన అంకెను గుర్తుపెట్టుకుని నిలదీయడమూ మంచిదే. నేనైతే ఇప్పుడు అలాంటి మాట వింటే అంకెతో ఆగను. కొత్త ఉద్యోగాలా, ఉన్నవి నిలబెట్టేవా? ఎవరికి? ఏ నెల నుంచి? ఇది ఆగిపోతే నష్టపోయేది ఎవరు? ఈ నాలుగో ప్రశ్న అడగటం నాకు ఒహాయోలో ఆ టీచరమ్మను చూశాకే అలవాటైంది. టీవీలో మాట్లాడిన ప్రెసిడెంటు ఏడాది తర్వాత మళ్లీ గెలిచారు. ఓటు వెయ్యని సెనేటర్ల జీతాలు ఆగలేదు. ఆమె మాత్రం ఆ వేసవిలో సామాను కారులో వేసుకుని, పక్క రాష్ట్రానికి ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లిపోయింది.