మల్లరంగమున జిందరు కథ

ఇల్లందు గనుల యూరివారమగు మేము అమెరికా మల్లయుద్ధములను టెలివిజనులోఁ జిరకాలముగాఁ జూచుచున్నారము. గెలుపోటములు ముందే వ్రాయఁబడునని కొందఱు మమ్ముఁ బరిహసింతురు. కీచకుఁడు చచ్చునని యెఱిఁగియే కదా వీధినాటకమునకుఁ దెల్లవాఱువఱకుఁ గూర్చుందుము! వ్రాసినందులకుఁ గాదు, చెడ వ్రాసినందులకే మా కోపము.

2017 మే 21వ తేదీన పంజాబీ సంతతివాఁడగు జిందర్ మహల్ ర్యాండీ ఆర్టనును గెలిచి డబ్ల్యు.డబ్ల్యు.ఇ. ఛాంపియను పట్టము నందెను. అమెరికా ప్రేక్షకులకాతఁడు ప్రతినాయకుఁడు; మాకు మనవాఁడు. డిసెంబరు 9న ఢిల్లీలోఁ బ్రదర్శనము. దానికి నెల ముందుగా, నవంబరు 7వ తేదీన, మాంచెస్టరులో నాతని పట్టమును ఏ.జె. స్టైల్సునకుఁ గట్టఁబెట్టిరి. పట్టము లేక ఢిల్లీ చేరినవానిని, సంస్థ యధికారియునైన ట్రిపుల్ హెచ్ ఓడించెను. పిమ్మట నిద్దఱును భాంగ్రా నాడిరి! మాకు నవ్వు రాలేదు.

మేమే రచయితలమైనచో, ఆతనిఁ బట్టముతోనే ఢిల్లీకిఁ బంపి, ఓడింపవలసినచో నక్కడనే, మనవారి కన్నులయెదుట నోడించియుందుము. అప్పుడు మేము కంటఁ దడి పెట్టినను గథ నిలుచును. మాంచెస్టరులోఁ బోయిన పట్టమునకై ఢిల్లీ యెట్లేడ్చును?

2023 సెప్టెంబరు 8న హైదరాబాదు గచ్చిబౌలిలో నా సంస్థ ప్రదర్శన మిచ్చినపుడు, కడపటి పోరున జాన్ సీనా దిగెను. మేమును వెళ్లి, తక్కినవారితోఁ బాటు గొంతు పోవునట్లు సీనా పేరే యఱచితిమి.