లాలాపేట ప్రక్కన చిన్న రైలు

సికింద్రాబాదు స్టేషనులో దిగి, మెట్టుగూడ మీదుగా తార్నాక వైపు వెళ్ళేవారికి ఎడమచేతి ప్రక్కన రైల్వేవారి లోకం ఒకటి కనబడుతుంది. అదే లాలాగూడ, దానిని ఆనుకొని లాలాపేట. మన పల్లెల్లో పాడి ఉన్న కుటుంబాలకు లాలాపేట పేరు కొత్త కాదు. విజయ డెయిరీ ఉన్నది అక్కడే. తెల్లవారకముందే మనము కేంద్రంలో పోసిన పాల లెక్కలు చివరకు చేరేది ఆ ఊరికే. అయితే ఈసారి మిమ్మును అక్కడికి తీసుకువెళ్ళేది పాల కోసం కాదు, రైళ్ళ కోసం. అందులోనూ జానెడు రైళ్ళ కోసం.

ఈ ప్రాంతానికి రైలుతో ఉన్న చుట్టరికం పాతది. నిజాం కాలంలో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు మార్గం 1874లో వచ్చింది. ఆ దారి 1889 నాటికి బెజవాడ దాకా సాగింది. పెట్టెలు, ఇంజన్లు బాగుచేయడానికి నిజాం రైల్వేవారు లాలాగూడలో 1893లో వర్క్‌షాపు కట్టారు. నూట ముప్పై ఏళ్ళు దాటినా అది నేటికీ పనిచేస్తూనే ఉన్నది. మనము ఎక్కి దిగే పెట్టెలు కాలపరిమితి ప్రకారం అక్కడికి చేరుతాయి. చక్రాలు విప్పి, బ్రేకులు చూచి, తుప్పు గీకి, మరల రంగు వేసి పంపుతారు. తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ రైల్వేలోనే పనిచేసిన కుటుంబాలు ఈ చుట్టుప్రక్కల చాలా ఉన్నవి.

ఈ దారిలోనే, తార్నాక రోడ్డు మీద, ఒక పెద్ద పాఠశాల ఉన్నది. దానిని అందరూ ‘ఇరిసెట్’ అంటారు. దేశమంతటి రైల్వే సిగ్నల్ ఇంజనీర్లు, టెలికాం ఉద్యోగులు శిక్షణకు వచ్చే చోటు అది. 1957 నవంబరు 24న ప్రారంభమైనది. ఆ శిక్షణలో నల్లబల్ల పాఠాలతోపాటు మోడల్ గది కూడా ఒకటి. అంటే చిన్న పట్టాలు, చిన్న స్టేషన్లు, చిన్న సిగ్నళ్ళు, వాటి మధ్య తిరిగే చిన్న రైళ్ళు.

మీసాలు వచ్చిన పెద్దవారికి బొమ్మ రైలు ఎందుకు అని మీరు అడగవచ్చు. దానికి జవాబు తెలియాలంటే సిగ్నల్ పని ఎట్లా జరుగుతుందో కొంచెం తెలుసుకోవాలి.

ఒక పల్లె స్టేషనును తలచుకోండి. నడుమ మెయిన్ లైను, ప్రక్కన లూప్ లైను. రైలు ఒక లైను నుండి మరొక లైనుకు మారే చోటును పాయింట్లు అంటారు. లూప్ లైనులో గూడ్సు నిలిచి ఉన్నది. వెనుక నుండి ఎక్స్‌ప్రెస్ వస్తున్నది. పాయింట్లు మెయిన్ లైనుకే తిరిగి ఉండాలి, అక్కడ గట్టిగా బిగిసి ఉండాలి, ముందున్న గేటు మూసి ఉండాలి. ఇవన్నీ సరిగా ఉంటేనే సిగ్నల్ పచ్చగా రావాలి. ఏ ఒక్కటి తప్పినా, స్టేషను మాస్టరు ఎంత ప్రయత్నించినా పచ్చదీపం వెలగకూడదు. ఈ కట్టడినే ఇంటర్‌లాకింగ్ అంటారు. మనిషి అలసిపోతాడు, మరచిపోతాడు, తొందరపడతాడు. కట్టడి మాత్రం తొందరపడదు.

ఒంటి లైను ఉన్న ఊళ్ళవారికి మరొక సంగతి జ్ఞాపకముండవచ్చు. రైలు కదులుతుండగా స్టేషను ఉద్యోగి వెదురు చుట్టకు కట్టిన తోలు సంచిని పైకెత్తి డ్రైవరుకు అందించేవాడు. ఆ సంచిలో ఒక లోహపు బంతి ఉండేది. రెండు ప్రక్కల స్టేషన్లవారూ ఒప్పుకుంటేనే ఆ బంతి యంత్రం నుండి బయటికి వస్తుంది. ఒక బంతి బయట ఉన్నంతవరకు రెండవది రాదు. కాబట్టి ఒకే లైను మీద ఎదురెదురుగా రెండు రైళ్ళు బయలుదేరవు.

ఈ పాఠం నిజమైన లైను మీద నేర్పడం ఎట్లా? అక్కడ తప్పు చేయడానికి చోటు లేదు. చిన్న పట్టాల మీద అయితే ఉన్నది. నేర్చుకొనే వ్యక్తి పొరబడితే రెండు చిన్న పెట్టెలు ఒరుగుతాయి. వాటిని వ్రేళ్ళతో ఎత్తి మరల పట్టా మీద పెట్టి, “ఎక్కడ తప్పింది?” అని అందరూ కూర్చుని వెదకుతారు. ఇంగ్లండులోని మాంచెస్టరులో సిగ్నల్ పనివారికి నేర్పడం కోసం 1912లోనే ఇటువంటి రైలు బల్ల తయారైనది. అది ఇప్పుడు యార్క్ పట్టణంలోని రైల్వే మ్యూజియంలో ఉన్నది.

ఈ చిన్న రైళ్ళను ప్రజలకు చూపించేవారు కూడా ఉన్నారు. మన ప్రక్క రాష్ట్రంలో, పూణెలోని కోత్రూడ్‌లో, జోషీ గారి చిన్న రైళ్ళ మ్యూజియం 1998 ఏప్రిల్ 1న ప్రారంభమైనది. బి.ఎస్. జోషీ గారు అంతకు ముందు చాలా ఏళ్ళు ఈ రైళ్ళను ప్రదర్శనలలో చూపించేవారు. ప్రతిసారీ విప్పడం, మోయడం, మరల బిగించడం ఎంతో కష్టమైన పని. చివరకు ఒకచోట స్థిరంగా నిలిపారు.

ఆ కష్టం ఏమిటో వివరిస్తాను. ఎక్కువమంది వాడే కొలతలో అసలు రైలుకు ఎనభై ఏడవ వంతు ఉంటుంది చిన్న రైలు. దాదాపు ఇరవై ఒక్క మీటర్ల పొడవున్న పాత నీలిరంగు పెట్టె ఆ కొలతలో జానెడుకు కొంచెం ఎక్కువ. పట్టాల మధ్య ఎడం పదహారున్నర మిల్లీమీటర్లు మాత్రమే. ప్రదర్శనకు తీసుకువెళ్ళాలంటే మొత్తం ఊరినీ, కొండనూ, స్టేషనునూ బల్లల ముక్కలుగా చేసుకోవాలి. అక్కడికి చేరిన తర్వాత బల్లకు బల్ల చేర్చి బోల్టులు బిగించాలి. రెండు బల్లలు కలిసే చోట పట్టా వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినా రైలు పడిపోతుంది. హాలు నేల ఎగుడుదిగుడుగా ఉంటే బల్ల కాళ్ళ క్రింద చెక్కలు పెట్టి సమం చేయాలి.

తర్వాత దుమ్ముతో పోరాటం. చిన్న ఇంజనుకు కరెంటు వచ్చేది పట్టా నుండే, అదీ పన్నెండు వోల్టులు. పట్టా మీద సన్నని మురికి పొర ఉన్నా ఇంజను తడబడుతుంది, ఆగిపోతుంది. అందుకే జనం రాకముందే పట్టా పొడవునా తుడవాలి, చక్రాలూ తుడవాలి. ప్రతి పాయింటునూ ఇటూ అటూ పలుమార్లు తిప్పి చూడాలి. ఒక ఇంజను వేడెక్కితే మరొకటి సిద్ధంగా ఉండాలి. జనానికి కనబడని వెనుక భాగంలో ఒకరు నిలబడి, వచ్చిన రైలును ఆపి, తరువాతి రైలును పంపుతూ ఉండాలి. ముందు తాడు కట్టాలి. లేకపోతే పిల్లల చేతులు ఊరుకోవు!

వీటన్నిటికంటె ముఖ్యమైన నియమం ఒకటి ఉన్నది. ఎక్కడైనా ఒక తీగె మార్చి కలిపితే, ఆ ఒక్క తీగెను చూచి సరిపెట్టుకోకూడదు. మొదటి సిగ్నల్ నుండి చివరి సిగ్నల్ దాకా మొత్తం మరల పరీక్షించాలి. దీపం వెలుగుతున్నది కాబట్టి అంతా బాగున్నదనుకొనడం పొరబాటు.

ఈ నియమం పెద్ద పట్టాల మీద తప్పితే ఏమవుతుందో మన దేశం చూచింది. 2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బాహానగా బజార్ స్టేషను వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను సిగ్నల్ పచ్చగా వచ్చింది. పాయింట్లు మాత్రం లూప్ లైనుకు తిరిగి ఉన్నవి. ఆ లూప్ లైనులో గూడ్సు నిలిచి ఉన్నది. 290 మందికి పైగా ప్రాణాలు పోయినవి. అంతకు ముందు ఎప్పుడో తీగెల కలయికలో జరిగిన మార్పులు, ఆ రోజు గేటు దగ్గర జరిగిన పని కలిసి తప్పుడు సిగ్నల్‌కు దారితీసినవని రైల్వే భద్రతా కమిషనరు విచారణలో తేలినది. ఆ రైలులో మన తెలుగువారూ ఉన్నారు. ఒక తీగె తప్పు చోట కలిస్తే ఎన్ని ఇండ్లలో దీపాలు ఆరిపోతాయో చూడండి.

అందుకే లాలాపేట ప్రక్కన జరిగే ఈ చదువును నేను తేలికగా తీసుకోలేను. రైళ్ళు ఢీకొనకుండా వాటంతట అవే ఆగే ‘కవచ్’ అనే ఏర్పాటుకు కూడా ఇప్పుడు ఇరిసెట్‌లో శిక్షణ ఇస్తున్నారు. 2022 మార్చి 4న వికారాబాదు ప్రాంతంలో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య దానిని పరీక్షించినప్పుడు, ఒక ఇంజను ఎదుట ఉన్న మరొక ఇంజనుకు 380 మీటర్ల దూరంలోనే తనంతట తాను ఆగిపోయింది.

ఇక మన పల్లెల సంగతి. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలాలేని గేటు వద్ద బడి బస్సును రైలు ఢీకొన్నది. పదిమందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. ఆ తర్వాత బ్రాడ్‌గేజి లైన్ల మీద కాపలాలేని గేట్లన్నిటినీ 2019 జనవరి నాటికి తీసివేశారు. అయినా గేటు మూసి ఉండగానే సైకిలు వంచి క్రిందుగా దూరేవారు, మేకలను తోలుకొని పట్టా దాటేవారు ఇంకా ఉన్నారు గదా!

వారికి ఒక మాట. చిన్న రైలు నేర్పలేని సంగతి ఒకటి ఉన్నది. బల్ల మీద మీట త్రిప్పితే బొమ్మ రైలు వెంటనే ఆగుతుంది. అసలు రైలు అట్లా ఆగదు. గంటకు 110 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 30 మీటర్లు. డ్రైవరు మిమ్మును చూచి బ్రేకు వేసినా, అంత బరువు ఆగడానికి ఒక్కొక్కసారి కిలోమీటరు దూరం పడుతుంది. చిన్న రైలు కొలతలో ఆ కిలోమీటరు పదకొండున్నర మీటర్లు. మన పల్లె బడిలోని ఒక గదిలో ఆ దూరం పట్టదు.

మీ ఊరి బడిలో సైన్సు ప్రదర్శన పెట్టేటప్పుడు పిల్లల చేత ఇది చేయించండి. ఒక చెక్క, అట్టముక్కలతో పట్టా, పుల్లతో గేటు, రెండు టార్చి సెల్లులు, ఒక చిన్న పచ్చ బల్బు చాలు. బల్బుకు వెళ్ళే తీగెను గేటు దగ్గర తెంచి, రెండు కొనలకు రెండు రేకు ముక్కలు అతికించండి. గేటు పుల్ల చివర మరొక రేకు చుట్టండి. పుల్ల దిగి ఆ రెండు రేకుల మీద ఆనినప్పుడే బల్బు వెలగాలి, పుల్ల లేస్తే ఆరిపోవాలి. ఇంటర్‌లాకింగ్ అంటే ఇదే. ప్రదర్శన రోజు ఉదయం, ఎవరూ రాకముందు, ఆ గేటును పదిసార్లు దించి, లేపి చూడమని పిల్లలకు చెప్పండి. పదిసార్లలో ఒక్కసారి బల్బు తప్పుగా వెలిగినా, తీగెలు విప్పి మొదటి నుండి కలపమనండి. ఆ అలవాటు చిన్నప్పుడు అబ్బిన బిడ్డ రేపు పెద్ద పట్టాల దగ్గర పనికి కుదిరినా, పొలం మోటారు స్విచ్చి బిగించినా, అది ఎందరినో కాపాడుతుంది.