ఆదివారపు గురువు

హైదరాబాదులో ఆబిడ్స్ అనగానే కొందరికి బట్టల దుకాణాలు, మరికొందరికి పెద్ద తపాలా కార్యాలయం జ్ఞప్తికి వస్తాయి. నాకు మాత్రం ఆదివారపు ఉదయం స్ఫురిస్తుంది. ఆరవ నిజాం కాలంలో ఆబిద్ అనే అర్మేనియన్ వర్తకుడు నడిపిన దుకాణం పేరే ఆ ప్రాంతానికి స్థిరపడింది. వారమంతా కిటకిటలాడే ఆ వీథిలో ఆదివారం నాడు చాలా దుకాణాలు మూసి ఉంటాయి. వాటి ముందరి కాలిబాట మీద పాత పుస్తకాలు కొలువుదీరుతాయి. నాంపల్లి రైల్వే స్టేషను సమీపంలో అద్దె గదిలో ఉండి చదువుకొంటున్న రోజులలో, జేబులో డబ్బున్నా లేకున్నా, నేను ప్రతి ఆదివారం అక్కడికి నడిచి వెళ్లేవాడిని.

2006లో ఒక ఆదివారం నేను అక్కడికి వెళ్లడం వెనుక ఒక బాధ ఉంది. అంతకు ముందు బతుకమ్మ పండుగకు మా ఊరికి వెళ్లినప్పుడు అమ్మమ్మ పాటలను రికార్డు చేశాను. ఆమెకు అక్షరం రాదు. కానీ బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు ఆమె నాలుక మీద ఉండేవి. అవి ఏ పుస్తకంలోనూ లేవు. ఒక మిత్రుని లాప్‌టాప్ అరువు తెచ్చుకొని, 2000లో వెలువడిన ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పన్నెండు పాటలు నింపుకొన్నాను. ధ్వని ఎంత ఎక్కువగా ఉంటే అంత మంచిదని తలచి స్థాయిని పూర్తిగా పెంచాను. తీరా వింటే, ఆమె చప్పట్లు చరచిన ప్రతిచోటా పాట పగిలిపోయింది.

"నా గొంతు గిట్ల పలిగిపోయిందేంది బిడ్డా?" అని అమ్మమ్మ అడిగింది. తప్పు ఆమె గొంతుది కాదని చెప్పగలిగాను గాని, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పలేకపోయాను.

ఆ సమాధానం కోసమే పుస్తకాల గుట్టలు వెదకసాగాను. ఆడాసిటీ గురించిన పుస్తకం దొరకలేదు. జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ 1989లో తొలిసారి విడుదల చేసిన క్యూబేస్ అనే సాఫ్ట్‌వేర్‌కు సంబంధించిన మార్గదర్శిని ఒకటి కనిపించింది. అది కూడా పాత రూపానికి రాసినదే. అట్ట చిరిగి ఉంది. పూర్వపు యజమాని పెన్సిలుతో అక్కడక్కడ గీతలు గీశాడు. బేరమాడి 80 రూపాయలకు కొన్నాను. గదికి వచ్చి తెరచి చూస్తే, అందులోని తెర బొమ్మలు గాని, మీటల పేర్లు గాని నా సాఫ్ట్‌వేర్‌తో సరిపోలలేదు. డబ్బు వృథా అయిందని ఆ రాత్రి విచారించాను.

మరునాడు రెండవ అధ్యాయం చదివాక నా అభిప్రాయం మారింది. సీడీ ప్రమాణం ప్రకారం కంప్యూటరు ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. కొలిచిన ప్రతిసారి ఆ బలాన్ని 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు మీద ఉంచుతుంది. చివరి మెట్టును మించిన ధ్వని వస్తే, దానికి పైన చోటు లేదు. ఎంత పెద్ద ధ్వనికైనా ఆ చివరి మెట్టే గతి. మానిక నిండుగా పోసిన ధాన్యాన్ని చేతితో చదును చేస్తే పైగింజలు జారిపోయినట్లు, తరంగాల శిఖరాలు తెగిపోతాయి. జారిన గింజలను ఏరుకోవచ్చు. తెగిన ధ్వనిని తిరిగి తేలేము. దానిని బాగు చేసే ఉపాయాలు ఉన్నా, అవి పోయినదానిని ఊహించి పూరించేవే. అందువలన అతి పెద్ద ధ్వని సైతం చివరి మెట్టుకు 10 డెసిబెల్లు దిగువన ఉండేటట్లు ముందుగానే స్థాయి సరిచూసుకోవాలి.

మీటల పేర్లు వేరైనా ధ్వని ధర్మం ఒక్కటే. నా సాఫ్ట్‌వేర్‌ది కాని పుస్తకమే నాకు పాఠం నేర్పింది. ఫ్యాను ఆపడం, గదిలో పరుపులు, దుప్పట్లు పరచి ప్రతిధ్వనిని తగ్గించడం, అసలు రికార్డును తాకక నకలు మీదనే పని చేయడం వంటివి దాని నుండే గ్రహించాను.

సంక్రాంతికి మళ్లీ ఊరికి వెళ్లాను. పాటకు సంబంధించని చప్పుళ్లన్నిటినీ దూరం చేయాలని పుస్తకం చెప్పింది. చప్పట్లు చరచవద్దని అమ్మమ్మను కోరాను. ఆమె రెండు చరణాలు పాడి ఆగిపోయింది. చేతులు కదలకపోతే ఆమెకు పాట సాగదు! చప్పట్లు బయటి చప్పుడు కాదని, అవి పాటలో భాగమేనని అప్పుడు తెలిసింది. ఆ సంగతి పుస్తకంలో లేదు. మైకును రెండు మూరల దూరం జరిపి, స్థాయి తగ్గించాను. ఈసారి పాటలు నిర్మలంగా వచ్చాయి.

పదకొండు పాటలు వచ్చాయి. పన్నెండవది ఎంత ప్రయత్నించినా ఆమెకు గుర్తు రాలేదు. మరుసటి ఏడాది అమ్మమ్మ కన్నుమూసింది.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటను గ్రామఫోను రికార్డుగా తీసినప్పుడు, ఆ పనికి శిక్షణ పొందిన నిపుణులు విదేశం నుండి రావలసి వచ్చింది. నేడు ఆ సాధనం ప్రతి విద్యార్థి సెల్‌ఫోనులో ఉంది. సాధనం సులభంగా లభించినంత మాత్రాన నైపుణ్యం దానితోపాటు రాదు. ఇప్పుడు ఏ సందేహం కలిగినా వీడియోలు చూసి తీర్చుకోవచ్చు. అవి ఎంతో ఉపయోగకరమైనవే, నేనూ చూస్తాను. కానీ ఏమి అడగాలో తెలిసిన వానికే అవి సమాధానమిస్తాయి. ధ్వనిస్థాయికి ఒక హద్దు ఉందని తెలియని నేను, పండుగకు ముందు ఆ ప్రశ్న ఎలా అడిగి ఉండేవాడిని? మంచి మార్గదర్శిని మొదటి పుట నుండి వరుసగా నడిపిస్తూ, మనకు తోచని ప్రశ్నలను కూడా మన ముందుంచుతుంది. అది చెప్పినదానిని మన చేతులతో పరీక్షించుకొని, అది చెప్పనిదానిని మనుషుల వద్ద నేర్చుకోవాలి.

ఆ చిరిగిన పుస్తకం నేటికీ నా బల్ల మీద ఉంది. పన్నెండవ పాట పగిలిన రూపంలోనే నా వద్ద మిగిలింది. దానిని నేను చెరిపివేయలేదు. ఆ పుస్తకాన్ని ఒక నెల ముందు కొని ఉంటే ఎంత బాగుండేదోనని, ఆ పాట విన్నప్పుడల్లా అనుకొంటాను.