కళ్ళు కూడా నవ్వాలి

నవ్వటానికి పైసా ఖర్చు లేదు. పన్ను కట్టనక్కరలేదు, రేషను కార్డు అంతకన్నా అక్కరలేదు. అయినా మన క్యాంపస్‌లో పొద్దుటినుంచి సాయంత్రందాకా ఎదురయ్యే ముఖాలు ఒకసారి చూడండి. అప్పులవాళ్ళు వచ్చి ఇంటి అరుగుమీద కూర్చున్నట్టుంటాయి. పరీక్షల ముందు సరే, పరీక్షలైపోయాక కూడా అంతే! ఇంత చవకైన వస్తువును మనం ఇంత పొదుపుగా ఎందుకు వాడుతున్నామా అన్న ఆలోచనే నాచేత ఈ నాలుగు మాటలు రాయిస్తున్నది.

'నవ్వు నాలుగు విధాల చేటు' అన్నారు మన పెద్దలు. అన్నవాళ్ళే దానికి ఎన్ని పేర్లు పెట్టారో! చిరునవ్వు, ముసిముసినవ్వు, కొంటెనవ్వు, వెకిలినవ్వు, పొట్ట చెక్కలయ్యే నవ్వు, ఏడవలేక నవ్వే నవ్వు. చేటు అనుకున్నదాన్ని ఎవరైనా ఇన్ని పేర్లు పెట్టి ముద్దుచేస్తారా? భరతముని నాట్యశాస్త్రంలో నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరుగా విడదీశాడు. బుగ్గలు కొంచెం విప్పారి, పళ్ళు కనిపించని స్మితానికి మొదటి పీట వేశాడు. మొదటి రెండూ ఉత్తములకు, చివరి రెండూ అధములకు అన్నాడు. ఈ లెక్కన రాత్రి పదకొండు గంటలకు మన హాస్టల్ వరండాలో వినిపించే నవ్వులు ఏ తరగతిలోకి వస్తాయో నేను చెప్పనక్కరలేదు!

నవ్వు చేటనే వాళ్ళు బోనెక్కించే మొదటి సాక్షి ద్రౌపది. ఆమె నవ్వటం వల్లే భారతయుద్ధం వచ్చిందంటారు. వ్యాసభారతం సభాపర్వం తీసి చూడండి. మయసభలో దుర్యోధనుడు నీళ్ళలో పడ్డప్పుడు నవ్వినవాళ్ళు భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు. ద్రౌపది నవ్విందన్నది ఆ తర్వాత దుర్యోధనుడు తండ్రి దగ్గర చెప్పుకున్న మాట. నలుగురు మగవాళ్ళ నవ్వు గాలికి పోయింది, ఆవిడ నవ్వొక్కటే లోకం నోట మిగిలింది.

ఇది ద్వాపరయుగంతో పోయిన సంగతి కాదు. మా క్లాసులో ఒక అమ్మాయి, నోట్సు తిరిగిచ్చిన కుర్రాడివంక చూసి, థాంక్స్ అనటానికి బదులు చిన్నగా నవ్వింది. అంతే! సాయంత్రానికల్లా ఇద్దరి పేర్లూ బెంచీమీద చెక్కేశారు. తర్వాత రెండేళ్ళూ ఆ అమ్మాయి తల వంచుకుని వచ్చి తల వంచుకుని వెళ్ళింది. క్లాసంతా గొల్లుమన్నప్పుడు కూడా ఆమె పెదవి కదిలేది కాదు. ఎవరి దగ్గరన్నా పెన్ను కొట్టేస్తే దొంగతనమంటాం. ఒక మనిషి నవ్వును కొట్టేస్తే దాన్నేమనాలి? చెక్కినవాళ్ళకు అది సరదా. ఆమెకు అది రెండేళ్ళ చదువుకాలం.

ఇక నవ్వు గురించి సైన్సు ఏమంటుందో చూద్దాం. 1862లో డుషేన్ అనే ఫ్రెంచి వైద్యుడు ముఖంలోని కండరాలకు కొద్దికొద్దిగా విద్యుత్తు తగిలించి, ఏ కండరం కదిలితే ఏ భావం కనిపిస్తుందో ఫోటోలతో సహా పుస్తకం వేశాడు. పెదవి కొసల్ని పైకి లాగే బుగ్గ కండరం మనం చెప్పినట్టు వింటుందట. కంటి చుట్టూ ఉన్న కండరం మాత్రం నిజమైన సంతోషం కలిగితేనే కదులుతుందని ఆయన అన్నాడు. పదేళ్ళ తర్వాత, 1872లో, డార్విన్ కూడా తన గ్రంథంలో ఆ ఫోటోలు వాడుకున్నాడు. కంటి నవ్వును కూడా నటించగల ఘనులు కొందరున్నారని తర్వాతి పరిశోధకులు తేల్చారనుకోండి, అది వేరే సంగతి. మరో విశేషం. 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో జూడో ఆడిన పుట్టంధుల ఫోటోలను పరిశీలిస్తే, గెలిచినప్పుడు వాళ్ళూ చూపున్నవాళ్ళలాగే నవ్వారని తేలింది. ఏ అద్దమూ, ఏ ముఖమూ చూసి నేర్చుకున్నది కాదు అది!

డుషేన్ పేరు ఎన్నడూ వినని ఒక మనిషి ఈ శాస్త్రాన్ని నా కళ్ళముందే ప్రయోగించాడు. ఆయన మా మెస్సులో సాంబారు వడ్డించే పెద్దాయన. నా రూమ్మేటు పేరు మూడు నెలలుగా మెస్సు బకాయిల జాబితాలో వేలాడుతోంది. 'ఏరా, కట్టేశావా?' అని ఎవరడిగినా 'రేపు కట్టేస్తాగా' అని నవ్వేసేవాడు. జోకులు వేసేవాడు. మేమెవరం గుచ్చి అడగకుండా ఆ నవ్వునే తలుపులా వేసుకునేవాడు. ఒకరాత్రి పెద్దాయన గరిటె ఆపి, 'బాబూ, మూతి నవ్వుతోంది గానీ కళ్ళు నవ్వటం లేదేం?' అన్నాడు. వాడు కంచం అక్కడే పెట్టేసి, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. వర్షాలు లేక పంట పోయింది. వాళ్ళ నాన్న ఎద్దుల్ని అమ్మేశాడు. వీడు చదువు మానేసి ఆ రాత్రి రైలుకే వెళ్ళిపోదామని పెట్టె కూడా సర్దుకున్నాడు. విషయం తెలిశాక మా వరండాలోని గదులవాళ్ళం తలా కొంత వేసుకున్నాం. వాడు ఉండిపోయాడు, ఎమ్మెస్సీ పూర్తిచేశాడు. ఇవాళ జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. డబ్బు మేం వేసుకున్నది నిజమే. కాని ఆ ఒక్క ప్రశ్న లేకపోతే, డబ్బు వేసుకోవాలన్న సంగతే ఎవరికి తెలిసేది?

కనుక నవ్వు శక్తి అంటే 'సదా నవ్వుతూ వుండండి' అని గోడలకు రాసే నీతివాక్యం కాదని నా అభిప్రాయం. కష్టంలో ఉన్నవాణ్ణి నవ్వమనటం కన్నా క్రూరత్వం లేదు. మనం నవ్వటం సగమే. ఎదుటివాడి నవ్వును చదవటం మిగతా సగం. ఆడపిల్ల నవ్వితే దానికి అర్థాలు తీయకపోవటం కూడా ఆ చదువులో ఒక పాఠమే. మన సిలబస్‌లో ఈ పేపరు లేదు, దీనికి గైడు దొరకదు, సప్లిమెంటరీ అంతకన్నా లేదు.

మిత్రులారా! ఈ సంచిక మీ చేతికందే నాటికి మాలో చాలామందిమి ఈ ప్రాంగణం విడిచి వెళ్ళిపోతాం. వచ్చే జూలైలో పల్లెటూరినుంచి ట్రంకుపెట్టెతో దిగి, ఏ బ్లాకు ఎక్కడో తెలియక గేటు దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడే కుర్రాడో అమ్మాయో మీకు తప్పక ఎదురవుతారు. దారి చూపించండి. చూపిస్తూ, పెదవులతోపాటు కళ్ళతో కూడా కొంచెం నవ్వండి. పోయేదేమీ లేదు.