మెదక్ కమానుల కింద రావులపాలెం పెట్టె

“ట్రాక్ ఉండగా ఆ పెట్టెందుకు మాస్టారూ, మోత బరువు కాకపోతే!”

కీబోర్డు కుర్రాడు నవ్వుతూనే అన్నాడు. మాస్టారు కూడా నవ్వారు. హార్మోనియం పెట్టె పట్టుకుని పక్కన నిలబడ్డది నేను కాబట్టి మంట నాకు పుట్టింది.

మాస్టారిది రావులపాలెంలో మా పక్కిల్లు. తెలుగు టీచరుగా రిటైరయ్యారు. వయసులో ఉండగా పద్యనాటకాలకి హార్మోనియం వాయించారు. ఆ తరవాత ఏళ్ల తరబడి ఆదివారం ఆరాధనలో కీర్తనలకి వాయించారు. ఇప్పుడు రెండుచోట్లా ఆయనతో పనిలేదు. క్రిస్మస్ వారంలో మెదక్ చర్చిలో పాటల కచేరీ ఉంది, మనవైపు నుంచి ఓ బృందం వెళ్తోంది, “పెట్టె పట్టుకోడానికి ఓ మనిషి కావాలయ్యా” అన్నారు. నేను చర్చికి వెళ్లేవాణ్ణి కాదు. అయినా డిసెంబరు సెలవులు, ఎప్పుడూ చూడని ఊరు, పైగా అడిగింది మాస్టారు. రావులపాలెంకి రైలు లేదు కనక రాత్రి బస్సులో హైదరాబాదు, తెల్లారాక జూబ్లీ బస్టాండు నుంచి మెదక్.

మెదక్ చర్చి గురించి ఎవరిని కదిపినా వాటికన్ పేరెత్తుతారు. వాటికన్ తరవాత పెద్దది ఇదేనని ఒకాయన, ఆసియాలో వాటికన్ తరవాత ఇదేనని ఇంకొకాయన. వాటికన్ ఆసియాలో ఎప్పుడు చేరిందో ఆయనే చెప్పాలి. ఈ గొప్పలు లేకపోయినా ఆ కట్టడానికి వచ్చే లోటేం లేదు. 175 అడుగుల గోపురం, బూడిదరంగు రాయి, పైకెళ్లి కోసుగా కలిసే గోతిక్ కమానులు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు పాదిరి కరువు రోజుల్లో పనిచేసినవాళ్లకి తిండి పెట్టి కట్టించాడు. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అద్దాల కిటికీల మీద క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. వాటికి బొమ్మలు వేసిన ఫ్రాంక్ సాలిస్‌బరీ ఇంగ్లండు రాజకుటుంబాన్ని చిత్రించిన చిత్రకారుడు. ఈ బొమ్మలకి వెనకాల ఎండ ఉండాలి. పొద్దు వాలితే లోపలివాళ్లకి అవి నల్లటి పలకలే. కచేరీ చూడ్డానికి చీకటిపడ్డాక వచ్చినవాళ్లకి ఆ రంగులు దక్కలేదు.

మాకు దక్కాయి, మధ్యాహ్నమే రిహార్సల్‌కి వెళ్లాం కాబట్టి. ఇంకా మైకులు పెట్టలేదు. మాస్టారు నేలమీద తువ్వాలు పరుచుకుని, పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూచున్నారు. ఒక రీడు బుసకొడుతోంది. పైచెక్క ఎత్తి, జేబులోంచి పాత బస్సు టికెట్టు తీసి, దాని అంచుని రీడు కిందికి పోనిచ్చి రెండుసార్లు ఆడించారు. దుమ్ము రాలింది, స్వరం నిలబడింది. ఎడంచేత్తో తిత్తిని ఊదారు. ఊదారంటే ఊపేసినట్టు కాదు, నాలుగువేళ్లతో అలా తోసి, సగం తెరిచి ఆపారు. కుడిచెయ్యి షడ్జం మీద పెట్టి వదిలేశారు.

స్వరం పైకి వెళ్లింది. కమానుల్ని తాకి తిరిగొచ్చింది. ఆయన ఇంకో మీట నొక్కలేదు. తల కొంచెం వంచి, పైన్నించి వచ్చేది పూర్తిగా వచ్చేదాకా ఆగి, అప్పుడు పంచమం ముట్టుకున్నారు. ఇంటి దగ్గర మోహన రాగం ఎత్తుకుంటే ఉరకలు పెట్టే ఆ వేళ్లు ఇక్కడ సగానికి సగం నెమ్మదించాయి. ఎందుకలాగని అడిగితే, “హాలు పాడుతోంది కదయ్యా, దాని మాట అయ్యాక కదా మనం మాటాడాలి” అన్నారు. గుమ్మం దగ్గర ఊడుస్తున్న ఆయన చీపురు ఆపి, “గట్లనే వాయించుండ్రి సార్, మైకు పెడితే ఇదంత ఆగమైతది” అన్నాడు.

ఆగమే అయింది. రాత్రి కచేరీలో కీబోర్డు, డ్రమ్‌ప్యాడ్, ఫోనులోంచి ట్రాక్. ఒక దెబ్బ పైకెళ్లి దిగేలోపు ఇంకో నాలుగు దెబ్బలు పడేవి. మాటలు ఒకదాన్లో ఒకటి కలిసి, ఏసు పేరు తప్ప ఏమీ తెలియలేదు. ట్రాక్ అలా పోతూనే ఉంటుంది, గాయకురాలికి ఊపిరి అందినా అందకపోయినా. మాస్టారికి చివర్లో ఒక్క కీర్తన ఇచ్చారు. దానికి మైకుల శబ్దం బాగా తగ్గించమని ఆయనే అడిగి తగ్గించుకున్నారు. నాకు పూర్తిగా వినిపించిన పాట అదొక్కటే.

ఆ కీర్తన పురుషోత్తమ చౌదరిది. ఈయన (1803-1890) బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, పర్లాకిమిడిలో పెరిగి, క్రైస్తవుడై, పల్లవి, చరణాలతో తెలుగు కీర్తనలు కట్టాడు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరవండి, పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. ఇంగ్లీషు బాణీ అరువు తెచ్చుకోకుండా మన రాగంలోనే దేవుణ్ణి పిలవచ్చని తేల్చినవాళ్లలో ఆయనది మొదటి వరస. సంగీతం గురించి రాసే మన పత్రికలు ఆయన్ని ఎంత తలుచుకున్నాయి? చర్చి మనిషని సంగీతంవాళ్లు వదిలేశారు. పాతకాలం పాటలని చర్చివాళ్లు వదిలేస్తున్నారు.

హార్మోనియం మాత్రం మనదా అంటారు కొందరు. కాదు, ఫ్రాన్సులో పుట్టింది. మిషనరీల వెంట వచ్చి, కలకత్తాలో చేతిపెట్టెగా మారి, మన నాటకాల స్టేజీ ఎక్కింది. దానికి గమకం పలకదని ఆలిండియా రేడియో 1940లో వెలివేసి, 1971 దాకా దగ్గరికి రానివ్వలేదు. కాబట్టి నా గొడవ వాయిద్యం జాతి గురించి కాదు. కీబోర్డు మీద కూడా మోహన వాయించవచ్చు, ఆ రాగం తెలిసిన వేళ్లుంటే. నా గొడవ మనిషి గురించి. పెట్టె వెనకాల ఎదుటివాళ్ల గొంతు వినేవాడొకడు కూచునేవాడు. అతని జీతం మిగులుతుందని అతన్ని తీసేశాం.

తిరుగుప్రయాణంలో ఇదే మాట అంటే మాస్టారు ఒప్పుకోలేదు. “పిల్లలు కనీసం వస్తున్నారయ్యా చర్చికి, మా నాటకాలకి అదీ లేదు” అన్నారు. ఆయన మంచితనంతో నాకు పేచీ లేదు గానీ, ఆయన మాటతో ఉంది. పిల్లలు వస్తే చాలదు, కీర్తనలు వాళ్లకి అందాలి. మా గోదావరి డెల్టాలో తవ్వితే మట్టే తప్ప రాయి రాదు. బౌడెన్, బీర్ అనే మిషనరీలు 1830ల్లో నరసాపురం వచ్చినప్పటి నుంచి లెక్కేసినా మెదక్ లాంటి రాతిమేడ ఒక్కటీ మాకు లేదు. మావాళ్లకి దక్కిన ఆస్తి ఈ కీర్తనలే. మెదక్‌లో రాయి పగిలితే ఇంజనీరు వస్తాడు, నూరేళ్ల పండగకి ముఖ్యమంత్రి కూడా వచ్చాడు. రాగం మరిచిపోతే ఎవరొస్తారు? పుస్తకంలో పేరుంటుంది, పాడి చూపించే మనిషుండడు.

మీ సంఘంలో రాగం తెలిసి పాడే ముసలమ్మో ముసలాయనో ఉంటే, ఈ క్రిస్మస్‌కి ముందే పక్కన కూచుని ఫోనులో రికార్డు చెయ్యండి, చరణం చరణం. ఆరాధనలో వారానికి ఒక్క కీర్తన ట్రాక్ లేకుండా పాడించండి. నేర్చుకుంటామనే పిల్లలుంటే రావులపాలెం పంపండి. మాస్టారు సాయంత్రాలు ఖాళీగానే ఉంటున్నారు, ఫీజు తీసుకోరు.