పాకం పొయ్యి మీద ఉండగా...

అరిసెలకి పాకం పడుతున్నారనుకోండి. సరిగ్గా అప్పుడే వాకిట్లో ఎవరో పిలిచారు. మీరేం చేస్తారు? "ఎవరో చూడవే" అని కూతుర్ని కేకేస్తారే గాని, గరిటె వదిలి వెళ్ళరు కదా! వెళ్ళొచ్చేసరికి పాకం ముదిరిపోతుందని మనకి తెలుసు. అదే చిక్కుడుకాయలు ఒలుస్తున్నామనుకోండి, పదిసార్లు లేచినా నష్టం లేదు.

ఈ చిన్న సంగతి వంటింట్లో నాకు పాతికేళ్ళుగా తెలుసు. రాసుకునే బల్ల దగ్గర మాత్రం తెలియలేదు. తెలిసేసరికి ఆలస్యమైపోయింది. అదే మీతో చెప్పుకుందామని ఈ నాలుగు మాటలు.

మేముండేది బుద్వేల్‌లో. పిల్లలు కాలేజీకీ, మావారు ఆఫీసుకీ వెళ్ళాక కథలు రాసుకోవడం నాకు అలవాటు. పత్రికల్లో పదహారు కథలు వచ్చాయి. 2024 నవంబర్‌లో వాటిని పుస్తకంగా వేశాను. ప్రచురణకర్త ఎవరనుకున్నారు? నేనే! చీటీ ఎత్తిన డబ్బులో 35,000 పెట్టి 500 కాపీలు వేయించాను. ఆటోలో వచ్చిన కట్టలు మంచం కింద సర్దుతుంటే, పెళ్ళికూతురి సారె సర్దినంత సంబరం!

అసలు పని అచ్చొక్కటే కాదు. పుస్తకానికి ఐఎస్‌బిఎన్ నంబరు అచ్చుకి ముందే తీసుకోవాలి. అది మన దేశంలో ఉచితమే, కానీ దరఖాస్తు నింపాలి. 1954 నాటి చట్టం ప్రకారం ఒక కాపీ కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకీ మన ఖర్చుతోనే పంపాలి. సమీక్ష కోసం పత్రికలకి రెండేసి కాపీలు పంపాలి. ఆవిష్కరణ సభకి హాలు, శాలువాలు, టిఫిన్లు. వాట్సాప్‌లో రోజూ ఒక ఫోటో పెట్టాలి. డబ్బు పంపినవాళ్ళ అడ్రసు రాసుకోవాలి, పంపనివాళ్ళకి మొహమాటపడుతూ గుర్తు చేయాలి.

లెక్క కూడా వినండి. పుస్తకం వెల 150. షాపువాళ్ళ కమీషన్ 40 శాతం, అంటే 60 వాళ్ళకి. నాకు మిగిలే 90లో అచ్చు ఖర్చు 70. ఆ మిగిలిన ఇరవైలోనే నా ఆటో, నా కాఫీ, నా కాళ్ళనొప్పులు! ఒక షాపాయన పాతిక కాపీలు తీసుకుని, ఇప్పటికీ "వచ్చేవారం చూద్దామమ్మా" అంటూనే ఉన్నాడు.

మా అమ్మల కాలంలో ఈ బెడద ఇంతగా లేదు. 1960, 70ల్లో నవల సీరియల్‌గా వస్తే పత్రికే దండోరా వేసేది. తరువాత ప్రచురణకర్త అచ్చు వేస్తే, వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఇంటింటికీ తిప్పేది. యద్దనపూడి సులోచనారాణిగారి నవలలు అలా ఎన్ని వంటిళ్ళు తిరిగాయో! మాలతీ చందూర్‌గారు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికని దశాబ్దాలపాటు నడిపారు. మరోపక్క వంటల పుస్తకాలు, నవలలు రాశారు. 'హృదయనేత్రి' నవలకి 1992లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. ఆ రోజుల్లో కూడా రంగనాయకమ్మగారు తన పుస్తకాలను స్వీట్‌హోమ్ పబ్లికేషన్స్ పేరుతో సొంతంగా వేసుకున్నారు. ఇప్పుడు చాలా వారపత్రికలు ఆగిపోయాయి, అద్దె షాపులు దాదాపు కనుమరుగయ్యాయి. వాళ్ళందరూ చేసిన పని రాసేవాళ్ళ నెత్తినే పడింది.

పడితే పడింది, తప్పదు. నా తప్పు అది కాదు. ఏ పనికి ఏ వేళ ఇవ్వాలో తెలుసుకోలేకపోయాను, అదీ నా తప్పు.

మా పుట్టింటివాళ్ళు షాద్‌నగర్‌లో ఉంటారు. బుద్వేల్ స్టేషన్లో నిలబడితే, అవే పట్టాల మీద ఒకవైపు పుస్తకాల షాపులున్న కాచిగూడ, ఇంకోవైపు అమ్మ ఉన్న షాద్‌నగర్. ఆ నవంబర్, డిసెంబర్ నెలల్లో నేను ఎక్కిన రైళ్ళన్నీ కాచిగూడ వైపే. అమ్మ ఫోన్ చేసేది. "ఎప్పుడొస్తవ్ బిడ్డా? బావి ముచ్చట చెప్తనంటి గదా!"

ఆ ముచ్చట మొదలు మాత్రం నాకు తెలుసు. అమ్మ కొత్త కోడలిగా ఉన్నప్పుడు, ఒక కరువు ఏడాది, ఊరి ఆడవాళ్ళంతా కలిసి బావి పూడిక తీశారట. మొగవాళ్ళు నవ్వారట. బావిలోకి ముందు ఎవరు దిగారు, నీళ్ళు పడ్డాక ఏమైంది, అవన్నీ "ఎదురుంగ కూసొని చెప్త" అనేది. నా తరువాతి కథ అదే అని ఎప్పుడో అనుకున్నాను.

"బుక్ ఫెయిర్ కానీయమ్మా" అన్నాను. డిసెంబర్ 19 నుంచి ఎన్టీఆర్ స్టేడియంలో హైదరాబాద్ బుక్ ఫెయిర్. రోజూ వెళ్ళి ఒక స్టాల్లో మూల బల్ల దగ్గర నిలబడ్డాను. 61 కాపీలు అమ్మాను. ఇంటికొచ్చి ఎంత గర్వంగా చెప్పానో!

సంక్రాంతి ముందు అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, దాంతోపాటు మాట పడిపోయాయి.

నిజం చెప్పొద్దూ, ఆ తరువాత మూణ్ణెల్లు మంచం కింది కట్టలవైపు చూడబుద్ధి కాలేదు. పుస్తకాలమీద కోపమెందుకు గాని, బుద్ధి వచ్చింది. చిక్కుడుకాయల కోసం పాకం వదిలి లేచాను. పార్సెల్ కట్టడం, అడ్రసు రాయడం, షాపుకి ఫోన్ చేయడం, ఇవన్నీ మధ్యలో ఆపి మళ్ళీ అందుకోగలిగిన పనులు. రాయడం, అందులోనూ మనిషి నోటి నుంచి విని రాయడం, అట్లా ఆగేది కాదు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. పొద్దున్న ఐదు నుంచి ఆరున్నర దాకా రాతకే. ఫోను వంటింటి గూట్లో ఉంటుంది. అమ్మకం పనులన్నీ బుధవారం మధ్యాహ్నం, శనివారం మధ్యాహ్నం. ఆర్డర్లు ఒక నోటుబుక్కులో ఎక్కిస్తాను. పార్సెళ్ళు మావారు కడతారు, ఫోటోలు అమ్మాయి పెడుతుంది. అన్నీ కలిపి శనివారం ఉదయమే పోస్టు చేస్తాను. 2025 మే 1 నుంచి తపాలా శాఖ పుస్తకాల కోసం 'జ్ఞాన్ పోస్ట్' పెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను వేరు. కౌంటర్లో ఆ పేరు చెప్పి అడగండి. షాపుకి పది కాపీలకి మించి ఇవ్వను. ఇచ్చినదానికి సంతకంతో చీటీ తీసుకుంటాను.

ఆదివారం మాత్రం షాద్‌నగరే. వ్యాయామాలు చేయిస్తుంటే అమ్మకి ఒకటీ అరా మాటలు తిరిగొస్తున్నాయి. మొన్న నోటుబుక్కు తెరిచి "బావి ముచ్చట చెప్పమ్మా" అన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఎడమచెయ్యి నేల దాకా వంచి, పైకెత్తింది. మట్టి తట్ట అందిస్తున్నట్టు. తరువాత తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

ముందు దిగింది అమ్మేనట! ఆ ఒక్క వాక్యం రాసుకుని తిరిగొచ్చాను.

మంచం కింద ఇంకా 140 కాపీలున్నాయి. ఉంటే ఉండనివ్వండి, అవెక్కడికీ పోవు. మరి మీకు చెప్తానన్న ముచ్చటతో ఎవరైనా ఎదురుచూస్తున్నారా? ఈ వారం ఏ రైలెక్కుతున్నారు?